ఎర్ర బిళ్ళ వాళ్ళకి పని దొరికితే

అది కాదక్కా, నాకు తెలియక అడుగుతాను, నేను వీధి గుమ్మంలోంచి వస్తుంటే బావ పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోవడమేంటి? శనివారం వచ్చాను, అదే తంతు. నిన్న సాయంత్రం వచ్చాను, అదే తంతు. ఇవాళ సందు మొదట్లో ఎదురుపడి, నన్ను చూసి చెప్పుల కొట్లోకి దూరాడు. ఆ కొట్లో అన్నీ ఆడవాళ్ళ చెప్పులేనాయె!

నవ్వొచ్చిందా? రాలేదా. సరే.

నీకు బొత్తాలు తేవడానికి వెళ్ళాడా? ఎంతసేపట్లో వస్తాడు? అబ్బే, తొందరేం లేదు. గడియారం ఊరికే చూశాను.

ఆ మిషన్ ఒక్క నిమిషం ఆపకూడదూ? నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూర్చుంటే నేనేం మాట్లాడను, నువ్వేం జవాబు చెప్తావు? సరే, తొక్కు. స్కూలు చొక్కాలు ఇవాళే ఇవ్వాలంటావు, అంతేగా. నువ్వు తొక్కుతూ ఉండు, నేను వాగుతూ ఉంటాను. చిన్నప్పటి నుంచీ మనింట్లో జరిగింది అదేగా.

అసలు నేనేం చేశానని అక్కా? నా ఉద్యోగం నేను చేసుకున్నాను. ఉద్యోగం చేసుకోవడం కూడా తప్పేనా? అలా చూడకు. చెప్తాను. మా ఆఫీసు గొడవ మొదటి నుంచీ చెప్తే గానీ నీకు బోధపడదు.

పైవాళ్ళకి ఒక అనుమానం వచ్చింది. ఈ ఉపాధి ఆఫీసుల మీద ఇంత సొమ్ము పోస్తున్నాం కదా, కుర్చీలు, ఫ్యాన్లు, ఇదిగో నాలాంటి గుమాస్తాలు, దీనివల్ల ఎవరికన్నా ఏమన్నా ఒరుగుతోందా అని. పెట్టిన సొమ్ముకి ఎంత తిరిగొస్తోందో లెక్క తేల్చమన్నారు. రావట్లేదని తేలితే తలుపులు మూసెయ్యమన్నారు. ఆ లెక్క తేల్చడానికి బయట కంపెనీ నుంచి ఒకమ్మాయిని పంపారు. ఇంతే ఉంటుంది మనిషి, సగం మొహం కళ్ళజోడే. మేమంతా లెక్కలమ్మాయి అంటాం. మంచి పిల్లేలే పాపం, ప్యూనుని కూడా 'అండీ' అంటుంది.

మేమేమో ఎంతో సంబరంగా ఫైళ్ళన్నీ తెచ్చి బల్ల మీద పోశాం. పోయినేడు మా దగ్గరికొచ్చిన వాళ్ళలో ఇంతమందికి ఉద్యోగాలొచ్చాయి, చూసుకో తల్లీ అన్నాం. ఆ పిల్ల ఒక్క ఫైలూ విప్పలేదు. 'మీ దగ్గరికి రాకపోయినా వాళ్ళకి వచ్చేవేమో కదండీ?' అంది.

అంతే! మా మేనేజరు మొహం మాడిపోయింది. ఆయన సర్వీసు మొత్తంలో ఆ మాట అడిగిన వాళ్ళు లేరు. నిజం చెప్పాలంటే నేనూ ఎప్పుడూ అనుకోలేదు. మనం కూర్చున్నాం, జనం వస్తున్నారు, ఉద్యోగాలొస్తున్నాయి, అంతా మన చలవే అనుకుంటూ బతికేశాం.

అందుకని బిళ్ళలు పెట్టింది. డబ్బాలో నీలం బిళ్ళలు, ఎర్ర బిళ్ళలు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ చెయ్యి పెట్టి ఒకటి తియ్యాలి. నీలం వస్తే రాజభోగమే అనుకో. కూర్చోబెట్టి మాట్లాడతాం, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో నేర్పిస్తాం, యజమానులకి మేమే ఫోన్లు చేస్తాం. ఎర్రది వస్తే గోడ మీద నోటీసులు చూసుకుని ఇంటికెళ్ళడమే. కొన్నాళ్ళాగి అందరికీ ఫోన్ చేసి, నీలం వాళ్ళలో ఎంతమందికి పని దొరికింది, ఎర్ర వాళ్ళలో ఎంతమందికి దొరికింది అని చూస్తుంది. ఆ తేడా ఎంతో, మా ఆఫీసు విలువ అంత.

బుద్ధిగానే ఉంది కదూ? నాక్కూడా మొదట అలాగే అనిపించింది. ఆ డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే పని నాకిచ్చారు.

సరిగ్గా అప్పుడే బావ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ టార్చిలైట్ల ఫ్యాక్టరీ స్టోర్లో అన్నేళ్ళు చేసి, ఒక పూటలో బయటికొచ్చేశాడు. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. 'ఒరేయ్, మనవాడే ఉన్నాడు కదా అని వచ్చాను' అంటూ. అంత మనిషి, నా ముందు లైన్లో నిలబడ్డాడక్కా. ముందుకి రా బావా అంటే రాలేదు. వరస ప్రకారమే వచ్చి, డబ్బాలో చెయ్యి పెట్టి, ఎర్రది తీశాడు.

చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. 'ఎర్రది వచ్చిందిరా, అంటే ఏంటి?' అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? 'ఏం లేదు బావా, రెండూ ఒకటే' అన్నాను.

లేదక్కా, మార్చి ఇంకోటి ఇవ్వడానికి వీల్లేదు. ఆ పిల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. అది నా తప్పు కాదు. అది మాత్రం నిజంగా నా తప్పు కాదు. మిగతావి చెప్తాను, ఇదొక్కటీ వదిలెయ్యి.

ఫోన్ నంబరు రాయమంటే, 'మీ అక్క ఫోను కుట్టుపని వాళ్ళకే చాలదు, నీ బల్ల మీద నంబరు రాసుకో, ఏదన్నా ఉంటే నువ్వే చెప్తావుగా' అన్నాడు. రాసుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. నాకు ఇది ఎవరికీ చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. నీ మరదలికి కూడా చెప్పలేదు.

ఆ డబ్బా పట్టుకున్న రోజు నుంచీ నా బుద్ధి వంకర తిరిగింది. చూడు, నీలం వాళ్ళకి పని దొరికితే మాకు మంచిది. సరే, అది ఎవరికైనా సంతోషమే. కానీ ఎర్ర బిళ్ళ వాళ్ళకి పని దొరికితే? మేం లేకుండానే దొరికిందని అర్థం. అంటే మేం దండగ అని అర్థం. ఎర్ర వాళ్ళు ఎంత ఖాళీగా తిరిగితే మాకు అంత విలువ. ఇది నాకెవరూ చెప్పలేదు. మేనేజరు నోరు తెరిచి అనలేదు. కానీ ఆఫీసులో అందరి మొహాల్లోనూ అదే ఉంది.

ఒకసారి బజార్లో ఒకావిడ ఎదురైంది. వంటమనిషి, ఎర్ర బిళ్ళ ఆవిడ. ఏదో పెద్ద క్యాంటీన్ యూనిఫాం వేసుకుని, చేతిలో సంచీతో, 'బాబూ, నాకు పని దొరికింది!' అని నడిరోడ్డు మీద నా చెయ్యి పట్టుకుంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఎంత సంతోషించాలి నేను? 'అలాగా, సంతోషం' అని చెయ్యి లాక్కుని వచ్చేశాను. ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

ఉపాధి ఆఫీసులో గుమాస్తాని అక్కా నేను! ఒకరికి పని దొరికితే అన్నం మానేశాను.

ఇంక బావ సంగతి. నేను వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి కదా, 'ఏమన్నా దొరికిందా బావా?' అని. నువ్వేమో, తమ్ముడికి ఎంత ఆదుర్దా అనుకునేదానివి. టీ ఇంకో గుక్క ఎక్కువ పోసేదానివి. 'లేదురా' అనేవాడు బావ, నేల చూపులు చూస్తూ. ఆ 'లేదురా' వినగానే నాకు లోపల ఎక్కడో హాయిగా ఉండేది.

ఆపావా మిషన్? వద్దు, తొక్కు. ఆ చప్పుడు ఉంటేనే నాకు మాట వస్తోంది.

తొక్కు అక్కా. నీకు దణ్ణం పెడతాను.

ఆ. గురువారం ఏం జరిగిందో చెప్తాను. మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఫోన్ మోగింది. ఎత్తితే లెక్కలమ్మాయి. తన ఆఫీసు నుంచి ఎర్ర వాళ్ళందరికీ వరసగా చేస్తోంది. బావ పేరు చెప్పి, 'మాట్లాడేది మీరేనా అండీ?' అంది. ఆ నంబరు మా బల్ల మీదిదని ఆ పిల్లకి తెలియదు. అన్ని నంబర్లలో అదీ ఒకటి.

ఏం చెప్పాలి నేను? బావ అక్కడ లేడు. లేడని చెప్తే మళ్ళీ చేస్తుంది, మళ్ళీ లేడంటాను, ఎందుకొచ్చిన గొడవ? మన బావేగా, ఆయన సంగతి నాకు తెలియనిదా? 'నేనేనండీ' అన్నాను. గొంతు కొంచెం బొంగురు చేసి.

'ఏమన్నా పని దొరికిందా అండీ?' అంది. 'లేదండీ' అన్నాను. నాకు తెలిసినంతలో నిజమేగా! అంతటితో అయిపోతే ఏ గొడవా ఉండేది కాదు.

కానీ ఇంకో ప్రశ్న ఉంది. 'ఎందుకు దొరకలేదని మీరు అనుకుంటున్నారండీ? మీ మాటల్లోనే చెప్పండి, నేను రాసుకుంటాను' అంది.

ఇక్కడ... ఇక్కడ నన్ను ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనివ్వు.

నేను తడుముకోలేదక్కా. ఆలోచించుకోవాల్సిన పని కూడా పడలేదు. 'వయసైపోయిందండీ. కొత్తవి నేర్చుకునే బుర్ర కాదు నాది. నలుగురిలో నోరు పెగలదు. ఇంకొకళ్ళ కష్టం మీద బతకడం అలవాటైపోయింది' అన్నాను. గడగడా చెప్పేశాను. ఆ పిల్ల 'అయ్యో, అలా అనుకోకండి' అని ఓదార్చింది కూడా, పాపం.

తలెత్తి చూస్తే ఎదురుగా బావ.

రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు. ఎదురు కొట్లో టీ. ఒకటి తనకి, ఒకటి నాకు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. 'వయసైపోయిందండీ' దగ్గర నుంచి విన్నాడో, 'నేనేనండీ' దగ్గర నుంచే విన్నాడో. వేడి కప్పులు, వేళ్ళు కాలుతున్నట్టున్నాయి. అయినా బల్ల మీద పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఇంతలో ఆ పిల్ల, 'చివరిగా మీ పుట్టిన తేదీ ఒకసారి చెప్పండి, సరిచూసుకుంటాను' అంది.

నాకు బావ పుట్టిన తేదీ తెలియదక్కా! మన బావే కదా అనుకున్నానే, ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆ పిల్ల 'హలో, హలో' అంటోంది. నేను బావ మొహంలోకి చూస్తున్నాను.

బావ కప్పులు కింద పెట్టాడు. నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. నెమ్మదిగానే, లాక్కోలేదు. పుట్టిన తేదీ చెప్పాడు. అవతల మళ్ళీ అడిగినట్టుంది. 'లేదండీ, ఇంకా ఏ పనీ దొరకలేదు' అన్నాడు. 'అవునండీ, ఇందాక చెప్పినవన్నీ నిజమే' అన్నాడు.

ఫోన్ పెట్టేసి, నా టీ కప్పు నావైపు జరిపి, తన టీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఒక్క తిట్టు తిట్టినా నేను బతికిపోయేవాణ్ణి.

ఏంటి, సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చుతున్నావు? నాకు గుచ్చు, పడతాను. ఏదన్నా అను.

అనవా? అయితే విను. ఆ పిల్ల అందరికీ చెప్పే మాట ఒకటుంది. నెలాఖరుకి జీతాల పట్టీలన్నీ తెప్పించుకుని పేర్లు సరిచూస్తుంది. పని లేదన్నవాడి పేరు ఎక్కడన్నా జీతాల పట్టీలో కనిపిస్తే, ఆ అబద్ధం ఎవరు చెప్పించారో విచారిస్తారు. ఆ మాట బావతో కూడా చెప్పే ఉంటుంది. చెప్పే ఉంటుందనేముంది, చెప్పింది. అందుకేగా ఆయన హాస్పిటల్ ఉద్యోగంలో చేరనిది.

ఏ హాస్పిటలేంటి? పెద్దాసుపత్రి. దుప్పట్లూ, దిండుగలీబులూ ఉండే స్టోరు లేదూ, అక్కడ స్టోర్‌కీపరుగా. నిన్న సోమవారం చేరాలి.

అదేంటక్కా అలా చూస్తావు? నీకు చెప్పలేదా?

నిజంగా చెప్పలేదా?

దేవుడా. నేను ఇన్ని రోజులూ నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. ఇద్దరూ కలిసే నా మీద కోపంగా ఉన్నారనుకున్నాను. కోపమైతే పడొచ్చులే అని ధైర్యంగా వచ్చాను. అక్కా, ఆయన ఉద్యోగం దొరికిన కబురు మొదట నాకు చెప్పడానికి వచ్చాడు. నాకు చెప్పి, ఆ తర్వాత ఇంటికొచ్చి నీకు చెప్దామనుకున్నట్టున్నాడు. టీ అందుకే తెచ్చాడు.

ఏంటి? నిన్న పొద్దున గడ్డం గీసుకున్నాడా? బూట్లు తుడుచుకుని వేసుకుని, గుమ్మంలో కాసేపు కూర్చుని, మళ్ళీ విప్పేశాడా? ఎక్కడికి బయల్దేరావంటే ఏం లేదు, పాడైపోతాయని వేసి చూస్తున్నానన్నాడా?

చాలు. ఇంక చెప్పకు.

ఆయన నన్ను చూసి పారిపోతోంది కోపంతో కాదక్కా. నేను ఎదురుపడి 'ఏమన్నా దొరికిందా బావా' అని అడిగితే, నా మొహం చూస్తూ 'లేదురా' అనలేడు. అంత చక్కగా అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. ఫోన్లో కాబట్టి ఒకసారి అనగలిగాడు. నేను సిగ్గుపడాల్సిన చోట ఆయన సిగ్గుపడి చెప్పుల కొట్లో దాక్కుంటున్నాడు.

హాస్పిటల్ సంగతి నాకెలా తెలుసంటావా? ఇవాళ పొద్దున వాళ్ళు మా బల్ల మీదికే ఫోన్ చేశారు. బావ వాళ్ళకీ ఆ నంబరే ఇచ్చాడు, మనవాడు చెప్తాడుగా అని. 'మీ మనిషి నిన్న రాలేదండీ, ఒంట్లో బాగోలేదా? మంచి మనిషని ఆగాం. ఇవాళ సాయంత్రం ఐదింటి దాకా చూస్తాం, ఆ తర్వాత ఇంకొకరిని తీసుకుంటాం' అన్నారు. నేను 'చెప్తానండీ' అన్నాను.

ఇప్పుడు టైమెంత? నాలుగు దాటిందా.

అలా చూడకక్కా. తెలుసు. పొద్దున వచ్చిన కబురు. మా ఆఫీసు నుంచి మీ ఇంటికి ఎంత దూరం? భోజనం చేశాను, చేతులు కడుక్కున్నాను, రెండు ఫైళ్ళు సర్దాను, అవి సర్దినవే మళ్ళీ సర్దాను. వచ్చి కూడా ఇంతసేపూ చెప్పుల కొట్టు కబుర్లు చెప్పాను.

నిజం చెప్పమంటావా? అంతా చెప్పమంటావా?

గురువారం నాకు తెలియదన్నానే, అది అబద్ధం.

ఫోన్ మోగినప్పుడు నేను కిటికీ దగ్గర ఉన్నాను. బావ రోడ్డు దాటుతూ కనిపించాడు. నీలం గళ్ళ చొక్కా వేసుకున్నాడు. గుర్తుందా నీకా చొక్కా? నాకు ఈ ఉద్యోగం ఇంటర్వ్యూ వచ్చినప్పుడు తొడుక్కోవడానికి మంచి చొక్కా లేకపోతే, బావ తన ఒంటి మీదిది విప్పి ఇస్తే, నువ్వు చేతులు కుదించి కుట్టావు. నాకు ఉద్యోగం వచ్చాక మళ్ళీ చేతులు విప్పి ఆయన కొలతకి కుట్టావు. ఫ్యాక్టరీ మూసినప్పటి నుంచీ ఆయన ఆ చొక్కా తొడుక్కోలేదు. మంచి రోజుకి దాచుకుంటున్నానురా అనేవాడు.

ఆ చొక్కా, చేతుల్లో ఆ రెండు టీ కప్పులు, ఆ నవ్వు. దొంగచాటుగా పిల్లలకి బొమ్మ తెచ్చేవాడి మొహంలా ఉంది. నాకు చూడగానే తెలిసిపోయిందక్కా. దొరికింది. బావకి పని దొరికింది.

ఒకపక్క ఫోన్ మోగుతోంది, ఆ పూట ఎర్ర వాళ్ళకి ఫోన్లు చేస్తానని ఆ పిల్ల ముందే చెప్పింది. మెట్లెక్కి గుమ్మంలోకి వస్తే బావ నోరు తెరిచి చెప్పేస్తాడు. చెప్పాక నేను లేదంటే అబద్ధం అవుతుంది. ఆయన చెప్పేలోగా లేదనేస్తే, నాకు తెలియదు కదా అని నాకు నేను చెప్పుకోవచ్చు. ఆ కాస్త టైములో ఇంత లెక్క వేశాను నేను! అందుకే పరిగెత్తుకెళ్ళి ఎత్తాను. అందుకే గడగడా చెప్పేశాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఒక్క ఎర్ర బిళ్ళతో ఆఫీసు మునిగిపోతుందా అంటే, మునగదు. కానీ నీలానికీ ఎర్రకీ తేడా అంచు మీద ఉందని మేనేజరు రోజూ నసపెడుతుంటే, ఒక్కొక్కడి పేరూ నాకు బెదిరింపులా కనిపించేది. నా జీతం, నా కుర్చీ, నీ మరదలి ముందు నా మొహం. అంతే. అంతకన్నా గొప్ప కారణం ఏదన్నా ఉందేమోనని నాలుగు రోజులు వెతికాను. లేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఇంక దాచడానికేం మిగల్లేదు. ఇవాళ నేను బావని హాస్పిటల్‌కి పంపడానికి రాలేదు. ఐదు దాటేదాకా ఇక్కడ కూర్చుని, నీతో కబుర్లు చెప్పి, బావ ఇంట్లోనే ఉన్నాడని కళ్ళారా చూసుకుని వెళ్దామని వచ్చాను. నెలాఖరు దాటితే ఇంకో ఉద్యోగం నేనే చూసి పెడదాంలే అనుకున్నాను. అలా అనుకున్నాకే మధ్యాహ్నం అన్నం తినగలిగాను.

నువ్వు బొత్తాలకి వెళ్ళాడనగానే గడియారం ఎందుకు చూశానో ఇప్పుడు తెలిసిందా?

అక్కా, ఏదో ఒకటి అను. సూదులన్నీ తీసేశావుగా, నోరు ఖాళీగానే ఉందిగా. చిన్నప్పుడు కొట్టినట్టు రెండు కొట్టు. అలా నా మొహంలోకి చూస్తూ కూర్చోకు.

ఏంటది? నీ ఫోనా? నాకెందుకిస్తున్నావు?

హాస్పిటల్‌కా? ముందు వాళ్ళకా? ఆ, సరే. సరే. నంబరు నా దగ్గర ఉంది.

...హలో, దుప్పట్ల స్టోరేనా అండీ? పొద్దున నాతో మాట్లాడారు. ఆ, వస్తారండీ. బయల్దేరుతున్నారు. ఒంట్లో బానే ఉంది. నిన్న రాకపోవడం ఆయన తప్పు కాదు, కబురు నా దగ్గర ఆగిపోయింది. ఐదులోపే వస్తారు. మంచిదండీ.

ఇదిగో, తీసుకో ఫోను.

ఇంకొకటా? లెక్కలమ్మాయికా?

అక్కా... ఆ ఫోన్ చేస్తే నా కుర్చీ ఉండదు. తెలుసుగా నీకు. తెలిసే ఇస్తున్నావా?

తెలుసులే. నువ్వు అడగకపోతే నేను చేసేవాణ్ణా అని చూస్తున్నావు. నాక్కూడా తెలియదు. ఇవ్వు.

...హలో, నమస్కారమండీ. నేను, ఉపాధి ఆఫీసు గుమాస్తాని. డబ్బా పట్టుకుంటానే, ఆ. బాగానే ఉన్నానండీ. ఒక ఎర్ర బిళ్ళ ఆయన గురించి చెప్పాలి. గురువారం మధ్యాహ్నం మీరు ఫోన్ చేశారు, టార్చిలైట్ల ఫ్యాక్టరీ స్టోర్‌కీపరు. ఆయనేనండీ. ఆయనకి పని దొరికింది.

కాదండీ, ఇవాళ కాదు. మీరు ఫోన్ చేసేసరికే దొరికింది. తనంతట తనే వెతుక్కున్నాడు. మా వల్ల కాదు.

అంటే... ముందు మీతో మాట్లాడింది ఆయన కాదండీ. నేను. గొంతు మార్చాను. ఆయన నా బావ. పుట్టిన తేదీ ఒక్కటే ఆయన చెప్పింది. పని లేదన్నది కూడా నన్ను కాపాడటానికి అన్నాడు. ఆయన్నేం చెయ్యకండి. అవునండీ, మా మేనేజరుకి మీరే చెప్పండి, రేపు నేను కూడా చెప్తాను. ఆ, రాసుకోండి. లైన్లోనే ఉంటాను.

అక్కా, గేటు చప్పుడు. బావ. చేతిలో బొత్తాల పొట్లం. అక్కడే ఆగిపోయాడేంటి? నా గొంతు విన్నాడా? బూట్లు ఇవ్వక్కా ఆయనకి. నువ్వు లే, నేను మాట్లాడుతున్నాను కదా, బూట్లిచ్చి పంపు, టైమవుతోంది.

హలో? ఉన్నానండీ. ఏంటి, కారణం దగ్గర మీరు రాసుకున్న మాటలా? ఎందుకు దొరకలేదు అన్న చోట? అవును, అవి కూడా నా మాటలే. కొత్తవి నేర్చుకునే బుర్ర కాదు, నోరు పెగలదు, ఇంకొకళ్ళ కష్టం మీద బతకడం అలవాటైపోయింది.

కొట్టేస్తారా?

వద్దండీ. కొట్టెయ్యకండి. ఆ మాటలు అలాగే ఉండనివ్వండి. పైన పేరు ఒక్కటే మార్చండి. ఆయన పేరు తీసేసి, నాది రాయండి.